ఇంటివైపు తిప్పిన హారన్

ఈ ఊళ్ళో యాభై ఏళ్ళుగా మైకు సెట్లు పెట్టినవాళ్ళందరి చేతులూ తక్కెడలో ఒక పక్కన వేసి, రెండో పక్కన మా మైకాయన కుడిచెయ్యి ఒక్కటీ పెడితే ముల్లు ఆయన వైపే వాలుతుంది. గొప్పకు చెప్పడం లేదు. బొంగురు గొంతు నాయకుడు కూడా ఆయన సెట్టులో మాట్లాడితే తేనె తాగి వచ్చినట్టు ఉండేవాడు. రెండు ఫర్లాంగుల అవతల గింజలు ఏరుకునే కోడిపెట్ట కూడా ఉపన్యాసం అర్థమై తలాడించేది. ఒకసారి మీటింగు మధ్యలో ఉరిమితే ఈయన అలవాటుకొద్దీ నాబు కొంచెం తగ్గించాడనీ, ఉరుము కూడా తగ్గిందనీ కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ ఇప్పుడు లేరు, అది వేరే సంగతి. అన్నిటికంటే పెద్ద మాట వినండి: ఆయన పనిచేసినన్నాళ్ళూ ఆయన చేతికింద మైకు ఒక్కసారి కూడా కూయలేదు. మైకు తీసుకెళ్ళి హారన్ స్పీకరు ముందు పెడితే చెవులు చిల్లులు పడేలా కుయ్యిమంటుంది చూడండి, ఆ కూత. ఒక్కసారంటే ఒక్కసారి కూడా లేదు. కావాలంటే రాసిపెట్టుకోండి. కాకపోతే పెన్సిల్‌తో రాయండి.

సాయంత్రం నాలుగున్నర. మైదానంలో వెనకనించి మూడో వరస చివరి కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు వంకర, బరువు ఎటు వేసినా టక్కుమంటోంది. కుడిచెయ్యి తొడకింద పెట్టుకున్నాడు. చలేసి కాదు. నలుగురిలో ఉన్నప్పుడు ఆ చేతిని అలా అదిమిపెట్టడం ఆయనకు ముప్ఫయ్యొక్క ఏళ్ళ అలవాటు. వదిలేస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిసి లేని నాబును తిప్పుతుంటాయి, ఎడమకి, ఎడమకి, ఎప్పుడూ తగ్గించే వైపుకే. ఇంట్లో టీ తాగుతూ తిప్పుతుంటే అక్క చూసి, ఏంట్రా, ఏ పెట్టె తాళం తీస్తున్నావు, అంటుంది. తియ్యడం కాదక్కా, వెయ్యడం, అనుకుంటాడు. పైకి అనడు. నోట్లో నువ్వుగింజ నానదని పేరున్న మనిషి, ఊళ్ళో ఎవరింటి కబురైనా ఇంకో ఇంటికి ఉప్పూకారం అద్ది మరీ చేరవేసే మనిషి, ఒక్క గింజను మాత్రం ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాడు. అది నానలేదు, మొలకెత్తలేదు. రాయిలా ఉంది.

అభ్యర్థి ఇంకా రాలేదు. వేదిక మీద ఖాళీ కుర్చీలు, ఎవరో వచ్చి తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచి వెళుతున్నారు. పక్క కుర్చీలో దర్జీ, చెవి వెనక సుద్దముక్క పెట్టుకునే వచ్చాడు. "ఏం మైకాయనా, ఎవరికేస్తున్నావు" అన్నాడు. ఇంకా అనుకోలేదన్నాడు మైకాయన. "ఎల్లుండే పోలింగు. ఇంకా అనుకోకపోవడానికి ఇదేమన్నా చొక్కా గుడ్డా, వారం రోజులు తిప్పి తిప్పి చూడ్డానికి?" నిన్న ఎదుటివాడి మీటింగుకి వెళ్ళావుగా అని దర్జీ అడిగితే, వెళ్ళాను, సెట్టు బాగుంది, హారన్లు సరిగ్గా కట్టారు, అన్నాడు. "హారన్లకి వేస్తావా ఓటు?" అని దర్జీ నవ్వాడు. ఎదుటి అభ్యర్థి నిన్న చెప్పింది రోడ్లూ కాలవలూ ఆస్పత్రీ, అన్నీ చెప్పాక గొంతు తగ్గించి, ఈ మైదానం వైపు చెయ్యి చూపించి, మైకు చేతిలో ఉండి, ఎదురుగా తొమ్మిది మంది చస్తుంటే నోరు పెగలని మనిషికి మీ నోరు అప్పజెబుతారా, అన్నాడు. జనం నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మైకాయన వీపు మీద పడ్డాయి. ఇవాళ్టి అభ్యర్థికి ఊరు పెట్టిన పేరు మూగాయన. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అదే పేరు. కాలవ తవ్వించినా, ఆస్పత్రికి మంచాలు తెప్పించినా, మూగాయన తెప్పించాడనే అన్నారు. నిజానికి ఇద్దరిలో ఎవరు మేలో మైకాయనకు తెలియదు. తెలుసుకునే వీలు లేదు కూడా. ఈయన వైపు చూస్తే చెయ్యి అడ్డొస్తుంది, ఆయన వైపు చూసినా చెయ్యే అడ్డొస్తుంది. ఈయనకి వేస్తే, తను నోరు మూసుకున్నందుకు గుట్టుగా ఇచ్చిన లంచంలా ఉంటుంది. ఆయనకి వేస్తే, పడినవాడిని ఇంకోసారి తొక్కినట్టు. ఓటు వేసేటప్పుడు చేతిని ఎవరూ చూడరంటారు. ఆ రోజూ ఎవరూ చూడలేదు.

ఇంట్లోంచి బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. "వెళ్ళి విను. ఆ గేటు మాట ఎత్తుతాడేమో చూడు. ఎత్తితే ఏమన్నాడో ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు, నీ కథలు కలపకు. నువ్వు చెప్పినదాన్ని బట్టే నా ఓటు" అంది. నువ్వే వచ్చి వినొచ్చుగా అంటే, "ఆ గొంతు నా ఇంట్లోకి రానివ్వను, కిటికీ వేసేస్తున్నా" అని ఆయన చూస్తుండగానే వేసేసింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, కిటికీ వేసే చప్పుడు మాత్రం పాతికేళ్ళ మనిషిది. ఆ కిటికీ ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది. గోడ అవతల రోడ్డు, రోడ్డు అవతల నీళ్ళ ట్యాంకు, ట్యాంకు కుడిపక్కన మేడమీద ఆకుపచ్చ తలుపుల కిటికీ. ఇక్కడ అన్న మాట అక్కడికి చేరడానికి ఒకటిన్నర సెకను. ట్యాంకు గోడకి తగిలి వెనక్కి రావడానికి ఇంకో ఒకటిన్నర. ఆయన లెక్కపెట్టి చెప్పగలడు, ఎన్నిసార్లు పెట్టాడో. సెట్టు దగ్గర ఇవాళ ఒకావిడ కూర్చుంది, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మెడలో హెడ్‌ఫోను, శ్రద్ధగానే ఉంది. నాలుగు హారన్లు పెట్టింది. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోది, తన బల్ల పక్కనే పొట్టి స్టాండు మీద ఉన్నది, ట్యాంకు వైపు వంకరగా చూస్తోంది. మాట పోయి పోయి నీళ్ళ ట్యాంకుకి వినిపిస్తుంది, మనుషులకి కాదు. ఇంకొంచెం కుడికి తిప్పాలి. నాలుగు వేళ్ళంత. తిప్పితే సూటిగా ఆకుపచ్చ కిటికీ. చూడకూడదనుకుంటూనే మళ్ళీ మళ్ళీ ఆ హారన్ వైపే చూస్తున్నాడు, పన్ను ఊడిన చోటికి నాలుక వెళ్ళినట్టు.

నాలుగో హారన్ బావది. అంటే బావ అలవాటు. అక్క మొగుడూ తనూ కలిసి పెట్టిన సెట్టు అది. బావ స్తంభాలెక్కేవాడు, తను కింద బల్ల దగ్గర కూర్చునేవాడు. బావ స్తంభం ఎక్కడం ఒక చూడముచ్చట. ఒంటిచేత్తో ఎక్కి, రెండో చేత్తో బీడీ వెలిగించుకుని, మూడో చేత్తో ముడి వేసేవాడు; మూడో చెయ్యి ఎక్కడిదని అడక్కండి, అంత త్వరగా వేసేవాడని. ఒకసారి తల మీద కాకి వాలితే, దాన్ని తోలకుండా, కాస్త ఆ తీగ పట్టుకో అన్నాడట, కాకి పట్టుకుందట. ఈ కథ అక్కకి వందసార్లు చెప్పాడు, వందసార్లూ అక్క, అబద్ధాలకోరా, అని నవ్వింది, నూటొకటోసారి కళ్ళు తుడుచుకుంది. ఎవరి మీటింగైనా, ఎంత పెద్దవాడు మాట్లాడినా, బావ ఒక హారన్‌ను తెలిసీ తెలియనట్టు ఇంటివైపు తిప్పేవాడు. డబ్బిచ్చి పిలిపించుకున్నవాళ్ళు, అటు జనం లేరుగా, అంటే, ఒకళ్ళున్నారండీ, అనేవాడు. తిప్పాక స్తంభం మీదనుంచే కిందికి కేకేసేవాడు, "మీ అక్కకి వినపడుతోందా?" అని. కింద తను మైకులో ఒకటీ రెండూ మూడూ అనేవాడు. ఒకటిన్నర సెకను. ఆకుపచ్చ కిటికీలో ఎర్ర తువ్వాలు పడేది. వినపడిందని. తువ్వాలు పడకపోతే బావ హారన్ ఇంకాస్త తిప్పేవాడు. ఊరంతా నాయకుడి మాటలు వింటుంటే, అక్క పొయ్యి దగ్గర నిలబడి మొగుడు తిప్పి పంపిన చప్పుడు వినేది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ కిటికీలో తువ్వాలు పడలేదు. ఇప్పుడు కిటికీయే మూసి ఉంది.

కుర్చీ టక్కుమంది. వానొస్తుందంటావా, అన్నాడు దర్జీ. మబ్బు పట్టింది. ఆ రోజూ పట్టింది. ఆ రోజు మైదానానికి నాలుగు వైపులా గోడ, రెండే గేట్లు. ఉత్తరం గేటు జనానికి, తూర్పు గేటు నాయకుడి కారుకి. తూర్పు గేటుకి తాళం. ఇప్పుడక్కడ గేటు లేదు, గోడ పగలగొట్టి ఖాళీ వదిలేశారు, ఆ ఖాళీలోంచి సైకిళ్ళు పోతున్నాయి, ఒకావిడ కూరగాయల సంచీతో పోతోంది. ఎంత సులువుగా పోతోంది. ఏమీ లేనట్టే పోతోంది. అక్కడ, సరిగ్గా ఆ సంచీ ఊగుతున్న చోట, స్తంభం, స్తంభం మీద బావ. నాయకుడు రెండు గంటలు ఆలస్యం, జనం నిలబడి నిలబడి, ఒక్కసారిగా వాన. చినుకులు కాదు, బకెట్లతో. ఎవరో తూర్పు గేటు వైపు పరిగెత్తారు, అది దగ్గరని, వాళ్ళని చూసి ఇంకొందరు, వాళ్ళని చూసి అందరూ. ముందువాళ్ళకి తాళం కనపడింది. వెనకవాళ్ళకి ముందువాళ్ళ వీపులే కనపడ్డాయి. వేదిక మీద అప్పటికి పెద్దవాళ్ళెవరూ లేరు, దండలూ కుర్చీలూ చూసుకునే పాతికేళ్ళ మనిషి ఒక్కడున్నాడు. పైనుంచి అతనికి తాళమూ వీపులూ రెండూ కనపడ్డాయి. మైకు లాక్కున్నాడు. బల్ల దగ్గర తను పదడుగుల దూరంలో ఉన్నాడు, స్వయంగా అతని నోట్లోంచే విన్నాడు, హారన్లోంచి కాదు: "ఆగండి, ఆ గేటు వేసి ఉంది, ఇటు రండి." చెబుతూ చెబుతూ, పాపం, జనానికి దగ్గరగా వెళ్ళాలని వేదిక అంచుకి, ఆ అంచు కూడా దాటి, హారన్ ముందుకి వచ్చేశాడు.

పెన్సిల్‌తోనే రాశారు కదా? చెరిపెయ్యండి. కూసింది. అరక్షణం. అరక్షణం కూత ఎవరికి గుర్తుంటుంది, ఆ వానలో, ఆ అరుపుల్లో. మైకాయన చెయ్యి మాత్రం వింది. మైకు పనివాడి చెవికీ చేతికీ మధ్య మనసు ఉండదు. కూత వినపడితే చెయ్యి నాబు మీద ఉంటుంది, నాబు ఎడమకి తిరిగి ఉంటుంది, అప్పుడొస్తుంది మనసు, ఏం జరిగిందని అడుక్కుంటూ. తగ్గించి మూడు లెక్కపెట్టి మెల్లగా పెంచాలి. ఒకటి, రెండు, మూడు. పెంచబోతే మళ్ళీ కూత మొదలయింది, మనిషి ఇంకా హారన్ ముందే ఉన్నాడు. మళ్ళీ తగ్గించాడు. మళ్ళీ ఒకటి, రెండు. అతను అరుస్తూనే ఉన్నాడు, మెడ నరాలు తాళ్ళలా తేలాయి, ఆ అరుపు పదడుగులు వచ్చి వానలో పడిపోతోంది. కూత ఆపడానికి తగ్గించక్కర్లేదు. ఆ సంగతి మైకు పనిలో మొదటి రోజు నేర్పుతారు. చెయ్యెత్తి, వెనక్కి జరగమని ఒక్క సైగ చేస్తే చాలు. ఒక్క సైగ. మనిషి రెండడుగులు వెనక్కి వెళితే కూత ఆగేది, మాట వెళ్ళేది. ఆ చెయ్యి ఎత్తి ఉంటే. కానీ తన సెట్టు కూయకూడదు. ఊళ్ళో అందరి సెట్లూ కూసినా తనది కూయదని పేరు. చెయ్యి పేరును కాపాడింది. అప్పుడే తూర్పు వైపు చూశాడు. స్తంభం ఊగుతోంది. పైన బావ, రెండు చేతులతో పట్టుకుని, తిన్నగా తన వైపే చూస్తూ ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి. సౌండు లేదు. తరవాత స్తంభం లేదు.

ఏమన్నాడో. ఆ పెదాల్ని ఎన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడో. మొదటి ఏడాది, దిగనా, అన్నాడనుకున్నాడు. తరవాత కొన్నేళ్ళు, పెంచరా, అన్నట్టు కనపడేది. ఒళ్ళు వేడెక్కి పడుకున్న ఒక వారమంతా, నువ్వే, అన్నాడు బావ, నువ్వే నువ్వే అని. మైకు పెట్టే పని మానేసి గోదాములో కాపలాకి కుదిరాక, ఆ నిశ్శబ్దంలో, ఏమీ అనకుండా ఊరికే నోరు తెరిచాడేమో అనిపించింది, అది అన్నిటికంటే బరువైంది. విచారణకి పిలిచారు. పొడుగు బల్ల, ఫ్యాను గాలికి ఎగరకుండా కాయితాల మీద గాజుగ్లాసు. మైకు పనిచేసిందా, అని అడిగాడు అధికారి. అప్పటికి బావ పోయి పదకొండు రోజులు, బయట వరండాలో అక్క కూర్చుని ఉంది, తలుపు సందులోంచి ఆమె పాదాలు కనపడుతున్నాయి. మైకాయన ఆ పాదాల వైపు చూస్తూ, "బాగానే పనిచేసిందండీ, నా సెట్టు ఎప్పుడూ కూయలేదు" అన్నాడు. అంతే. ఎవరి మీదా వేలు చూపలేదు. అధికారి రాసుకున్నాడు, పెన్నుతో. మైకు బాగానే ఉంది, మాట వినపడలేదు, కాబట్టి మైకు పట్టుకున్నవాడు మాట్లాడలేదు. ఒకటీ ఒకటీ రెండు. ఆ పాతికేళ్ళ మనిషి, నేను అరిచానండీ, అని ఎన్ని చోట్ల చెప్పుకున్నాడో, చెప్పుకున్నకొద్దీ ఊరు నవ్వింది. ఆ వేసవికే మూగాయనని పేరు పడిపోయింది. అక్క ఆ పేరు పలికేటప్పుడు నోట్లో చేదు తగిలినట్టు పలుకుతుంది. తమ్ముడు ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటాడు.

లేచారు జనం. అభ్యర్థి వచ్చాడు. కారులో కాదు, తూర్పు గోడ ఖాళీలోంచి, నడిచి. యాభై ఆరేళ్ళు, జుట్టు పలచబడింది, మెడ మాత్రం అదే. నడుస్తూ నడుస్తూ ఆ ఖాళీ దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచాడు. "ధైర్యమే, ఇక్కడే పెట్టాడు మీటింగు" అన్నాడు దర్జీ, "ఇన్నేళ్ళలో ఎవడూ పెట్టలేదు." వేదికెక్కి రోడ్ల గురించి మాట్లాడాడు, కాలవల గురించి, ఎదుటివాడు చెప్పినవే అటూ ఇటూగా. మైకాయన మాటలు వినడం లేదు, గొంతు వింటున్నాడు; ఎక్కడ కింద బరువుంది, ఎక్కడ పైన పీలగా ఉంది, ఎంత పెంచితే నిండుతుంది. చెయ్యి తొడకింద కదులుతోంది. ట్యాంకు గోడ నుంచి ప్రతి మాటా మూడు సెకన్లకి తిరిగొస్తోంది, చెప్పినవాడి వెనకే ఇంకొకడు నిలబడి చెబుతున్నట్టు. ఆ ఇంకొకడి గొంతులో పాతికేళ్ళ వయసు పీలతనం ఉంది. మైకాయనకి మెడ వెనక చెమట పట్టింది. ఎవరో తన కుర్చీ వెనక నిలబడ్డారనిపించి తిరిగి చూశాడు. ఖాళీ కుర్చీలు. ఒకదాని మీద ఎవరో మరచిపోయిన ఎర్ర గుడ్డ. కాదు, జెండా.

"ఇక ఆ గేటు సంగతి" అన్నాడు అభ్యర్థి. దర్జీ నోట్లో వక్క నమలడం ఆపాడు. "అది చెప్పకుండా వెళితే మీరు ఊరుకోరు, నేనూ ఊరుకోలేను. ఆ రోజు నేను అరిచాననే అనుకున్నాను. చాలా ఏళ్ళు అదే చెప్పాను. కానీ మీరందరూ ఇన్నేళ్ళుగా అరవలేదంటుంటే, ఈమధ్య నాకే అనుమానం వస్తోంది. అరవలేదేమో. గొంతు బిగుసుకుపోయి, అరిచినట్టు నాకే అనిపించిందేమో. అరిచి ఉంటే ఎవరో ఒకరికి వినపడేది కదా. ఒక్కరికైనా." చెబుతూ చెబుతూ అంచుకి వచ్చాడు. అదే నడక. జనానికి దగ్గరగా వెళ్ళాలనే అదే పిచ్చి. అంచు దాటి, మెట్టు దిగి, చేతిలో మైకుతో హారన్ ముందుకి.

కూసింది.

సెట్టు దగ్గర ఆవిడ చెయ్యి నాబు మీదికి పోవడం మైకాయన చూశాడు. అది ఆవిడ చెయ్యి కాదు, తనదే. ఎప్పుడు లేచాడో, కుర్చీ వెనక్కి పడిపోయింది. "తగ్గించకమ్మా" అన్నాడు, అంత గట్టిగా తనే అన్నాడా. తొడకింద ముప్ఫయ్యొక్క ఏళ్ళు అణిగి ఉన్న చెయ్యి పైకి లేచింది, అరచెయ్యి తెరుచుకుని, వెనక్కి, వెనక్కి అని అభ్యర్థికి సైగ చేసింది. అభ్యర్థి తెల్లబోయి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. కూత ఆగిపోయింది. అంతే. అంత సులువు. రెండడుగులు. మైదానం అంతా చెవుల్లోంచి నీళ్ళు పోయినట్టు నిశ్శబ్దమైపోయింది. అభ్యర్థి ఇంకా ఎత్తి ఉన్న ఆ చేతినే చూస్తూ, "పెద్దాయన ఏదో అడగాలనుకుంటున్నారు, మైకు ఇవ్వండి" అన్నాడు.

అడగడానికి కాదు, అనబోయాడు. దర్జీ మోకాలితో పొడిచి, "వెళ్ళు, కాలవ సంగతి అడుగు" అన్నాడు. నడిచాడు. సెట్టు బల్ల దాకా పాతికడుగులు, ఆ పాతికడుగుల్లో ఎన్ని ఆలోచనలో. కిటికీ వేసి ఉంది, ఇక్కడ చెప్పినా అక్కకి వినపడదు. ఊరికి వినపడుతుంది, ఊరు తనకంటే ముందు ఇంటికి చేరుతుంది, దర్జీ నోటితో, వంద నోళ్ళతో, ఉప్పూకారంతో. ఏమీ అనకుండా కాలవ సంగతి అడిగేసి వచ్చి కూర్చోవచ్చు. కూర్చుంటే ఇంటికి వెళ్ళవచ్చు, టీ ఉంటుంది, అక్క ఉంటుంది. చెబితే అక్క ఉండదు. ఇల్లు ఉంటుంది, అక్క ఉన్నా ఉండదు. తనకింక ఎవరూ లేరు. బావ పెదాలు కదులుతున్నాయి. బల్ల దగ్గరికి వచ్చాడు. పొట్టి స్టాండు మీద వంకరగా నాలుగో హారన్. ఆవిడ మైకు అందిస్తే పుచ్చుకోకుండా, "ఒక్క నిమిషం తల్లీ" అని, హారన్ చెంపమీద కుడిచెయ్యి వేశాడు. చల్లగా ఉంది. కుడికి తిప్పాడు. నాలుగు వేళ్ళంత. "అటు ఎవరూ లేరుగా తాతా?" అంది ఆవిడ. "ఒకళ్ళున్నారమ్మా. కొంచెం పెంచు."

మైకులో అందరిలా ఒకటీ రెండూ మూడూ అన్నాడు. "ఆ రోజు ఇక్కడ పెట్టిన సెట్టు నాది" అన్నాడు. "ఈయన అరిచాడు. ఆగండి, ఆ గేటు వేసి ఉందని అరిచాడు. మూడుసార్లు. మైకు కూసింది. నేను తగ్గించాను. మళ్ళీ పెంచలేదు. విచారణలో, మైకు బాగానే పనిచేసిందని చెప్పాను. అంతేనండీ. కాలవ సంగతి నాకు తెలీదు." ఒకటిన్నర సెకను. ఇంకో ఒకటిన్నర. తెలీదు, అంది ట్యాంకు గోడ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. అభ్యర్థి వేదిక మెట్టు మీద కూర్చుండిపోయాడు. మైకు పక్కన పెట్టి, ఇద్దరికే వినపడేట్టు అడిగాడు. "మూడుసార్లా?"

"మూడుసార్లే బాబూ."

"నాకు రెండే గుర్తున్నాయి" అన్నాడు. మెడ పట్టుకుని కూర్చున్నాడు, ఆ నరాలు ఉన్నాయో లేదో తడుముకుంటున్నట్టు.

మైకాయన ట్యాంకు పక్కకి చూశాడు. ఆకుపచ్చ కిటికీ తెరిచి ఉంది. ఎప్పుడు తెరిచిందో. కూతకి తెరిచిందో, ఒకటీ రెండూ మూడూ అన్నప్పుడు తెరిచిందో. తువ్వాలు లేదు. మనిషి కూడా కనపడలేదు. తూర్పు గోడ ఖాళీలోంచే ఇంటికి బయల్దేరాడు. అక్కడికి వచ్చేసరికి కాళ్ళు ఆగుతాయనుకున్నాడు, ఆగలేదు. దారిలో ఒక వింత తోచింది. ఓటు. ఇంతకాలం చెయ్యి అడ్డొచ్చి ఇద్దరిలో ఒక్కణ్ణీ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూడాలి, కాలవ ఎవరు తవ్విస్తారు, ఆస్పత్రి సంగతి ఎవరు నిజం చెబుతున్నారు. ఎవరికి వెయ్యాలో నిజంగా తెలియదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ తరవాత మొదటిసారి, అందరి లాగా, ఎటూ తేల్చుకోని ఓటరు అయ్యాడు. నవ్వొచ్చింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పోయింది.

తలుపు గడియ వేసి లేదు. అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు, ఎరుపు పోయి ఇటుక రంగుకి తిరిగింది. ఈయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అక్క అటే చూస్తూ, "వినపడింది" అంది.

"నా చేత ఆ మనిషిని ఇన్నేళ్ళు తిట్టించావు" అంది. అవునన్నాడు. "నా ఎదురుగా కూర్చుని టీ తాగావు." అవునన్నాడు. పొమ్మంటుందని చూశాడు. అక్క తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ పెట్టింది. "మీ బావ పైనుంచి ఏమన్నా అన్నాడా, చివర్లో?"

"అన్నాడు."

"ఏమని? నీ కథలు కలపకుండా చెప్పు."

"మీ అక్కకి వినపడుతోందా, అన్నాడు."

అక్క లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, తువ్వాలు దులిపి, చెక్క మీద వేసింది. కింద రోడ్డు మీద మీటింగునుంచి వచ్చేవాళ్ళు వస్తున్నారు. మైదానంలో ఎవరో హారన్లు విప్పుతున్నారు.

జరిగింది జరిగినట్టే చెప్పాను. కోడిపెట్ట, కాకి, ఉరుము, వాటిని పట్టించుకోకండి, అవి రుచికి. కల్పించింది ఒక్కటే. బావ ఆ రోజు ఏమన్నాడో ఎవరికీ తెలియదు. పెదాలు కదిలాయి, సౌండు లేదు. ఆ మాట నేను పెట్టింది. మా అక్క అడిగింది మరి.